మామిడికుదురు దగ్గర మా కొత్త ఇల్లు: 86 వరద గీత నుంచి గృహప్రవేశం దాకా

వైనతేయ_ఒడ్డు | 2025 జనవరి 19

అందరికీ నమస్కారమండీ. నేను పదకొండేళ్లుగా కువైట్‌లో పనిచేస్తున్నాను. మాది కోనసీమలో మామిడికుదురు దగ్గర చిన్న ఊరు, వైనతేయ గట్టుకి ఇవతల పక్క. అమ్మానాన్నలు, తమ్ముడి కుటుంబం ఉంటున్నది మా తాతగారి నాటి పెంకుటింట్లో. దూలాలకి చెద పట్టింది. వాన పడితే నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాలి. ఈ మాఘమాసంలో దాన్ని తీసేసి స్లాబు ఇల్లు మొదలుపెడదామనుకున్నాం. స్థలం ఆరు సెంట్లు, పొడవు 65 అడుగులు, ఇల్లు 1,150 చదరపు అడుగులు, ఒక్క అంతస్తే.

నా ప్రశ్న పునాది ఎత్తు గురించి. రోడ్డు మీద రెండున్నర అడుగులు చాలని మేస్త్రి గారు అంటున్నారు. నాన్న ఒప్పుకోవడం లేదు. మా ముందు గదిలో గోడ మీద ఒక బొగ్గు గీత ఉంది. 1986 ఆగస్టులో గండి పడి ఊళ్లోకి వచ్చిన నీళ్లు అక్కడిదాకా నిలిచాయి. తాత గీశారు. ప్రతి సంక్రాంతికీ సున్నం వేసేటప్పుడు నాన్న ఆ జానెడు మేర వదిలేసి వేస్తారు. ఇప్పుడున్న గచ్చు నుంచి రెండడుగుల ఎత్తులో ఉందది. "కొత్త గచ్చు ఆ గీత కంటే పైన ఉండాలి, అంతే" అంటున్నారు. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు, అన్ని మెట్లు ఎక్కలేనని బాధపడుతోంది. ఇద్దరి మాటా కాదనలేను. ఎవరైనా దారి చెప్పండి.

లంకవాసి | జనవరి 19

అమ్మా, మీ నాన్నగారి మాట వినండి. 86లో నాకు పద్నాలుగేళ్లు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన వరద అది. మేం మూడు రోజులు గట్టు మీదే ఉన్నాం, తాటాకు పందిరి వేసుకుని. 2022 జూలైలో 71.3 వచ్చినప్పుడు మా లంకలో మళ్లీ పడవలే. "గట్టు ఉందిగా, ఇంకేం రాదు" అనేవాళ్ల మాట నమ్మి ఇల్లు కింద కట్టుకోవద్దు. గట్టుకి ఇవతల ఉన్న ఊరు మునిగితే నీళ్లు బయటికి పోవడానికి కూడా రోజులు పడుతుంది.

సైట్_ఇంజినీర్_రాజమండ్రి | జనవరి 20

రోడ్డు నుంచి కొలవకండి. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది. మీ తాతగారు ఇల్లు కట్టినప్పుడు గచ్చు రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉండేదో, ఇప్పుడు ఎంత ఉందో నాన్నగారిని అడగండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇల్లు పడగొట్టకముందే ఒక పని చేయండి. ఇది చాలా ముఖ్యం. మట్టం చూసే లెవెల్ పైపులో నీళ్లు నింపి, ఆ బొగ్గు గీత మట్టాన్ని ఇంకో రెండు చోట్లకి మార్చి గుర్తు పెట్టండి. పక్కింటి గోడ, గుడి అరుగు, ఏదైనా సరే, కదలనిది కావాలి. ఇల్లు పడ్డాక గీత ఎక్కడుండేదో ఎవరికీ కచ్చితంగా గుర్తుండదు. అందరూ తలో మాట చెబుతారు.

వైనతేయ_ఒడ్డు | జనవరి 24

చేశామండీ. శుక్రవారం నాకు సెలవు, వీడియో కాల్‌లో ఉండి చూశాను. తమ్ముడు పైపు ఒక చివర గీత దగ్గర పట్టుకున్నాడు, నాన్న రెండో చివర పట్టుకుని పక్కింటి వాళ్ల గోడ దాకా, అక్కణ్నుంచి రామాలయం అరుగు దాకా వెళ్లారు. రెండు చోట్లా మేకు దిగ్గొట్టి ఎర్ర రంగు వేశారు. లెక్క తేలింది. ఒకప్పుడు గచ్చు రోడ్డుకి రెండున్నర అడుగుల ఎత్తులో ఉండేదట, ఇప్పుడు ఒక్క అడుగే. అంటే గీత ఇప్పటి రోడ్డుకి మూడడుగుల పైన ఉంది. మేస్త్రి గారు చెప్పినట్టు రెండున్నరకి కట్టి ఉంటే అంత వరద మళ్లీ వస్తే ఇంట్లో అర అడుగు నీళ్లుండేవి.

రోడ్డు మీద మూడున్నర అడుగులని నిర్ణయించాం. అమ్మ మెట్ల సంగతే తేలలేదు.

అత్తిలి_అమ్మ | జనవరి 24

మెట్టు ఎత్తు ఆరంగుళాలు దాటనివ్వకండి. మూడున్నర అడుగులకి ఏడు మెట్లు. మెట్టు వెడల్పు పన్నెండు అంగుళాలు, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీ. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఇంటి ఎనిమిదంగుళాల మెట్లు చూస్తే నాకే ఏడుపొచ్చేది. అప్పుడు కట్టేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

సైట్_ఇంజినీర్_రాజమండ్రి | జనవరి 25

మెట్లతో పాటు పక్కగా ఒక వాలు బాట కూడా ఆలోచించండి. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు కావాలి. మూడున్నరకి 42 అడుగులు. ఊళ్లో ఇళ్లకి ఇంత చోటు దొరకదు గానీ మీ స్థలం పొడవు 65 అడుగులన్నారు కదా, తూర్పు పక్క గోడ వెంట గేటు నుంచి వంటింటి వసారా దాకా వెళ్లిపోతుంది. మూడున్నర అడుగుల వెడల్పు, మధ్యలో ఒక చోట చదును. అమ్మగారికే కాదు, గ్యాస్ సిలిండరు తేవాలన్నా, బియ్యం బస్తా దించాలన్నా పనికొస్తుంది.

వైనతేయ_ఒడ్డు | ఫిబ్రవరి 8

నిన్న శంకుస్థాపన జరిగిందండీ. వాలు బాట ప్లాన్‌లో చేర్చాం. అమ్మకి చెబితే "నా ఒక్కదాని కోసం అంత ఖర్చా" అంది. అవునమ్మా, నీ కోసమే అన్నాను.

పెంకుటిల్లు తీసేశారు. పెంకులు ఒక్కొక్కటీ దించి పక్కన పేర్చారు. గీత ఉన్న గోడ పడేటప్పుడు నాన్న అక్కడ లేరట, చేలోకి వెళ్లిపోయారట. నేను ఫోటోలో కూడా చూడలేకపోయాను.

పునాది గోతులు ఐదున్నర అడుగులు తీస్తున్నారు. ఐదడుగుల దగ్గరే నీరు ఊరుతోంది, మోటారు పెట్టి తోడుతున్నారు. బోరు నీళ్లతో కాంక్రీటు కలపొచ్చా? మా బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి.

సైట్_ఇంజినీర్_రాజమండ్రి | ఫిబ్రవరి 8

వద్దు. పరీక్ష చేయించకుండా అస్సలు వద్దు. ఐరన్ ఉన్న కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 456 చెబుతుంది. ఉప్పు నీళ్లతో కాంక్రీటు గట్టిపడుతుంది, మొదట్లో ఏ తేడా కనిపించదు. లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బి, పదేళ్లకో పదిహేనేళ్లకో పిల్లరు నిలువునా చీలుతుంది. తీరం వెంట ఊళ్లలో స్లాబు పెచ్చులూడి ఊచలు కనిపించే ఇళ్లు మీరు చూసే ఉంటారు. అందులో చాలావాటికి ఉప్పూ, తక్కువ కవరూ (ఊచ మీద ఉండే కాంక్రీటు మందం) రెండూ కారణాలే.

మీది సముద్రానికి దగ్గర కాబట్టి ఎం20 కాంక్రీటుతో (ఎం తర్వాతి అంకె దాని బలాన్ని చెబుతుంది) సరిపెట్టుకోకుండా ఎం25 వాడండి. బస్తాకి నీళ్లు 25 లీటర్లు దాటనివ్వకండి, ఇసుకలో ఉన్న తడి కూడా అందులో లెక్కే. పునాదికి 50 మిల్లీమీటర్లు, పిల్లరుకి 40, బీముకి 30 కవరు. స్లాబుకి కనీసం 20 అంటారు, మీకు 30 పెట్టుకోండి. కవర్ బిళ్లలు కట్టకుండా రాతి ముక్కలు పెడితే ఒప్పుకోకండి.

తాపీ_పని_ముప్పైఏళ్లు | ఫిబ్రవరి 9

అమ్మా, ఇంకో మాట. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌కి గానీ వదలరు. మీ స్లాబు సరిగ్గా ఆ మధ్యలో పడేలా ఉంది. స్లాబు ఆరకుండా రోజూ నీళ్లు కొట్టడానికి ఎక్కణ్నుంచి తెస్తారో ఇప్పుడే చూసుకోండి. నీళ్ల ట్యాంకరు కూడా అప్పుడు దొరకదు, అందరికీ అదే అవసరం.

మస్కట్_నుంచి | ఫిబ్రవరి 9

నేను కూడా దూరం నుంచే కట్టించాను అక్కా, 2019లో, రాజోలు దగ్గర. నా అనుభవంలో ఒక్కటే చెబుతా. కప్పెట్టేయబోయే ప్రతి పనికీ ముందు ఫోటో తెప్పించుకోండి. పునాది ఊచలు కాంక్రీటు పోయకముందు, పైపులు ప్లాస్టరింగు చేయకముందు, వైర్ల గొట్టాలు స్లాబు పోయకముందు. పక్కన టేపు పెట్టి తీయమనండి. తర్వాత ఎవరు ఎంత మంచిగా చెప్పినా లోపల ఏముందో మనకు తెలియదు. మా ఇంట్లో బాత్రూమ్ పైపు ఎక్కడుందో తెలియక గీజరు బిగించేటప్పుడు గోడ మూడు చోట్ల పగలగొట్టాల్సి వచ్చింది.

వైనతేయ_ఒడ్డు | మార్చి 2

మీ మాట పట్టుకున్నాను తమ్ముడూ. మా ఇంట్లో తమ్ముడికి షాపు ఉంది, రోజంతా పని దగ్గర ఉండలేడు. ఫోటోల పని అమ్మ తీసుకుంది. ఇదివరకు ఫోన్ ఎత్తి మాట్లాడటమే వచ్చు. మా మరదలు రెండు రోజులు నేర్పించింది. ఇప్పుడు రోజూ పొద్దున్న ఏడింటికి, సాయంత్రం ఐదింటికి ఫోటోలు వస్తున్నాయి, టేపు పెట్టి మరీ. ఊచల బరువు కూడా తూయించింది. 12 ఎం.ఎం. ఊచ పన్నెండు మీటర్లది 10.66 కిలోలు ఉండాలని ఇక్కడ ఎవరో పాత చర్చలో రాశారు, అది కాగితం మీద రాసుకుని పట్టుకెళ్లింది. మీరు నమ్మరు, షాపువాళ్లు ఆశ్చర్యపోయారట.

నీళ్ల పరీక్ష ఫలితం వచ్చింది. క్లోరైడు 500 కంటే బాగా ఎక్కువ. బోరు పక్కన పెట్టేశాం. ప్రస్తుతానికి కాలువ నీళ్లు వాడుతున్నాం.

వైనతేయ_ఒడ్డు | మార్చి 29

పెద్ద టెన్షన్ వచ్చింది, సాయం చేయండి. పిల్లర్లు పోశారు. మర్నాడు సాయంత్రం అమ్మ పంపిన ఫోటోల్లో వెనక పక్క పిల్లరు అడుగున ఒక అడుగు మేర కొత్తగా సిమెంటు పూసినట్టు ఉంది. మిగతా పిల్లర్లకి లేదు. అమ్మని అడిగితే "పొద్దున్న రేకులు విప్పగానే అక్కడ కంకర పైకి తేలి కనిపించింది, నేను ఫోటో తీసేలోపు పూసేశారు" అంది. ఫోన్ చేస్తే మేస్త్రి గారు "చిన్న గుల్ల, పైపైనే, అందరిళ్లలోనూ ఉంటుంది" అన్నారు. ఏం చేయాలి? ఆ పిల్లరు మీద హాలు బీము వస్తుంది.

తాపీ_పని_ముప్పైఏళ్లు | మార్చి 29

నేనూ మేస్త్రినే కాబట్టి చెబుతున్నాను. గుల్ల పడటం నేరం కాదు. కాంక్రీటుని అదిరించి కూర్చోబెట్టే వైబ్రేటరు అడుగుదాకా దిగకపోయినా, రేకుల సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయినా పడుతుంది. చూపించకుండా పూయడం మాత్రం తప్పు. పూసింది పచ్చిగా ఉండగానే గీకించండి. సుత్తితో కొట్టి చూడండి. ఖంగుమంటే సరే, బుడబుడమంటే లోపలికి ఉన్నట్టు.

సైట్_ఇంజినీర్_రాజమండ్రి | మార్చి 30

పూత తీసేసి, వదులుగా ఉన్న కంకరంతా గట్టి కాంక్రీటు తగిలేదాకా ఉలితో తీయించండి. ఊచ వెనక్కి వెళ్లిందంటే ఊచ చుట్టూ వేలు దూరేంత ఖాళీ చేయాలి. శుభ్రంగా కడిగి, తడిగా ఉంచి, కుంచించుకుపోని గ్రౌటుతో (జారుగా పోసే సిమెంటు మిశ్రమం) రేకు కట్టి నింపాలి. మామూలు సిమెంటు ఇసుక ముద్ద పెట్టొద్దు. ఊచకి లోపలిదాకా, పిల్లరు మందంలో సగం పోయిందంటే మాత్రం గ్రౌటుతో ఆగకూడదు. పైన బరువు పడకముందే దాన్ని తీసి మళ్లీ పోయాలి. కొలిచి ఫోటో పెట్టండి.

వైనతేయ_ఒడ్డు | ఏప్రిల్ 4

ఊళ్లో ఒక ఇంజినీరు గారిని పిలిపించి చూపించాం. గుల్ల రెండంగుళాల లోతే, ఒక మూల ఊచ దగ్గర మాత్రం వెనక్కి వెళ్లింది. మీరు చెప్పినట్టే తీయించి గ్రౌటు చేయించాం. మేస్త్రి గారు మొదట ఒక రోజు అలిగి రాలేదు. మర్నాడు అమ్మ వాళ్లింటికి వెళ్లి "బాబూ, నా కూతురు పదకొండేళ్లు ఇంటికి దూరంగా ఉండి సంపాదించింది ఈ పిల్లర్లలో ఉంది, నాకు భయమేసింది, అంతే" అని చెప్పిందట. ఆయన వచ్చారు. ఆ తర్వాత రేకులు విప్పేటప్పుడు ఆయనే అమ్మని పిలిచి చూపిస్తున్నారు.

గచ్చు మట్టం దగ్గర వచ్చే ప్లింత్ బీము అయింది. ఇప్పుడు గచ్చు కింద నింపే ఫిల్లింగు.

ఖమ్మం_కొత్తఇల్లు | ఏప్రిల్ 5

అక్కా, ఫిల్లింగు దగ్గర తొందరపడకండి. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు మా కాలనీలోకి వచ్చినప్పుడు మా పాత ఇంటి గచ్చు కింద మట్టి కుంగి హాలంతా పగుళ్లు వచ్చాయి. పాతది కట్టినప్పుడు ట్రాక్టర్లతో మట్టి కుమ్మరించి పైన బండలు పరిచేశారు. ఇప్పుడు మళ్లీ కట్టుకుంటున్నాం. తొమ్మిదంగుళాల పొర వేయడం, నీళ్లు పెట్టడం, దిమ్మిస కొట్టడం, మళ్లీ పొర. విసుగ్గా ఉంటుంది కానీ మీది మూడున్నర అడుగుల ఫిల్లింగు, అదంతా ఒకసారే పోస్తే తప్పకుండా దిగుతుంది.

లంకవాసి | ఏప్రిల్ 6

ఇసుకతో నింపితే నీళ్లు పెట్టగానే బాగా కూర్చుంటుంది. 2024 జూలై నుంచి ఇసుక ఉచితమే అయినా లోడింగు, రవాణా మనమే పెట్టుకోవాలి కదా, నదిలో ఇసుక తీసే ర్యాంపు దగ్గరి నుంచి మీ ఊరికి ట్రిప్పుకెంతో ముందే మాట్లాడుకోండి. వర్షాలు మొదలై నదికి నీళ్లొస్తే ర్యాంపులు ఆగిపోతాయి. ప్లాస్టరింగుకి కావాల్సింది కూడా ఇప్పుడే తెచ్చి పట్టా కప్పి ఉంచుకోండి.

వైనతేయ_ఒడ్డు | మే 10

నిన్న స్లాబు పడింది! శుక్రవారం కావాలని పెట్టించాను, తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఫోన్ ముందు కూర్చున్నాను. ఉదయం ఆరున్నరకి కాంక్రీటు కలిపే మిల్లరు తిరగడం మొదలైతే సాయంత్రం నాలుగున్నరకి అయిపోయింది. స్లాబుకి, బీములకి కలిపి 150 బస్తాలు. పనివాళ్లందరికీ మా మరదలు, పక్కింటి పిన్నిగారు కలిసి పులిహోర, పెరుగన్నం, చేపల పులుసు వండి పెట్టారు. ప్రతి ఇరవై బస్తాలకి అమ్మ ఒక గీత గీసింది గుమ్మం పక్కన గోనె మీద. మేస్త్రి గారి లెక్క, అమ్మ లెక్క ఒక్క బస్తా తేడా లేకుండా కలిశాయి.

రాత్రి తొమ్మిదింటికి నాన్న ఒక్కరే నిచ్చెన ఎక్కి అంచున నిలబడి టార్చి వేసి చూసుకుంటున్న ఫోటో తమ్ముడు పంపాడు. దాన్ని ఎన్నిసార్లు చూశానో.

తాపీ_పని_ముప్పైఏళ్లు | మే 10

చాలా సంతోషం చెల్లెమ్మా. ఈ ఎండకి ఇవాళ్టి నుంచే స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపండి. పద్నాలుగు రోజులు ఆరనివ్వకండి. బీముల పక్కలకి, పిల్లర్లకి గోనెపట్టాలు చుట్టండి, అక్కడ నీళ్లు నిలవవు కాబట్టి అందరూ మర్చిపోతారు.

వైనతేయ_ఒడ్డు | మే 16

స్లాబు కింద ఆనుగా రేకులు, సరుగుడు కర్రలు కట్టిన సెంట్రింగు వాళ్లు రేపు ఎనిమిదో రోజు, అవి తీసేస్తామంటున్నారు. వేరే ఊళ్లో స్లాబు ఒప్పుకున్నారట. తీయొచ్చా? తమ్ముడు మొహమాటపడుతున్నాడు.

సైట్_ఇంజినీర్_రాజమండ్రి | మే 16

హాలు అడ్డం ఎంత?

వైనతేయ_ఒడ్డు | మే 16

పదహారు అడుగులండీ.

సైట్_ఇంజినీర్_రాజమండ్రి | మే 16

అంటే 4.88 మీటర్లు. నాలుగున్నర మీటర్లలోపు స్లాబు కింద కర్రలు ఏడు రోజులకి తీయొచ్చు, అది దాటితే పద్నాలుగు రోజులు. బీముల కింద కర్రలకి ఎలాగూ పద్నాలుగే. ఇవి మామూలు సిమెంటుకి చెప్పిన లెక్కలు. మీరు వాడింది పి.పి.సి. (బూడిద కలిపిన సిమెంటు), అది కొంచెం నిదానంగా బలం పుంజుకుంటుంది. మీరు పద్దెనిమిది రోజులు ఉంచండి. చిన్న గదుల రేకులు కావాలంటే ముందు ఇవ్వండి, హాలు జోలికి రానివ్వకండి. అదనపు రోజులకి అద్దె అడిగితే ఇచ్చేయండి, అది చిన్న మొత్తమే.

వైనతేయ_ఒడ్డు | మే 28

నిన్న పద్దెనిమిదో రోజున తీశారు. అద్దె కింద ఇంకో నాలుగు వేలు ఇచ్చాం. కింద నుంచి చూస్తే గుల్ల లేదు, చెమ్మ లేదు. ట్యాంకరు నీళ్లకే పదకొండు వేలు అయింది. చెరువు నీళ్లు కూడా పరీక్ష చేయించి సగం అవే వాడాం.

వడ్రంగి_ఇంటివాణ్ణి | జూన్ 3

అక్కా, మీ పాత ఇంటి గుమ్మాల సంగతి ఎవరూ అడగలేదు. పెంకుటింటి ద్వారబంధం టేకుదా, పనసదా? పారేయకండి.

వైనతేయ_ఒడ్డు | జూన్ 4

వీధి గుమ్మం టేకు తమ్ముడూ. మా నానమ్మ రోజూ పసుపు రాసిన గడప. దాన్నే సింహద్వారానికి పెట్టాలని నాకు ఆశ. కానీ ఎత్తు అయిదడుగుల పది అంగుళాలే. మా తమ్ముడే తల వంచుకుని వెళ్లేవాడు.

వడ్రంగి_ఇంటివాణ్ణి | జూన్ 4

నిలువు కమ్ములకి అతుకు వేసి ఎత్తు పెంచేవాళ్లున్నారు, నాకది ఇష్టం లేదు. తలుపు బరువుకి కొన్నేళ్లకి అతుకు దగ్గర కదులుతుంది. దేవుడి గదికి పెట్టండి. అక్కడ తల వంచి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. నిలువు కమ్ముల అడుగు భాగం మాత్రం మేకుతో గుచ్చి చూడండి, వరద నీళ్లలో నానిన కర్ర లోపల పొడి అయి ఉంటుంది.

వైనతేయ_ఒడ్డు | జూన్ 20

గుచ్చి చూశారు. ఒక పక్క అడుగున మూడంగుళాలు పొడే. అంతవరకు కోసేశారు, ఇంకా కొంచెం పొట్టిదైంది. దేవుడి గదికే నిలబెట్టాం. ఆషాఢం రాకముందే గుమ్మాలన్నీ ఎత్తేశారు. సింహద్వారం కొత్త టేకు.

అమ్మకి ఈ వారం ఒకరు "ఆడపిల్ల సంపాదనతో కొడుక్కి ఇల్లు కట్టిస్తున్నారా" అని ముఖం మీదే అన్నారట. అమ్మ నాకు చెప్పలేదు, మరదలు చెప్పింది. ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఇల్లు ముగ్గురి పేరున ఉంది. నాన్న అనంతరం నాకూ తమ్ముడికీ సమానంగా ఉండేలా రిజిస్టరు కాగితం మా తమ్ముడే ముందు అడిగి రాయించాడు. ఆ మాట కూడా ఇక్కడ ఉండాలనిపించింది.

అత్తిలి_అమ్మ | జూన్ 20

మీ తమ్ముడికి నా ఆశీస్సులు చెప్పండి అమ్మా.

వైనతేయ_ఒడ్డు | సెప్టెంబర్ 14

చాలా రోజులైంది రాసి. వానల్లో పని నత్తనడకే. గోడలు, ప్లాస్టరింగు, వైరింగు అయ్యాయి. పైపులన్నీ మూసేయకముందు ఫోటోలున్నాయి, గోడకో ఫోల్డరు. గచ్చుకి టైల్స్ పడుతున్నాయి. కిటికీలకి కమ్ములు అయ్యాయి, అద్దాల రెక్కలు రావాలి. వాలు బాట కాంక్రీటు వేశారు, గరుకుగా గీతలు గీయించాం జారకుండా. పక్క కమ్మీ ఇంకా లేదు. కార్తీకంలో గృహప్రవేశం అనుకుంటున్నాం, నాకు సెలవు దొరికింది.

మస్కట్_నుంచి | అక్టోబర్ 27

అక్కా, మొంథా తుపాను మన వైపే వస్తోందంటున్నారు. ఇంట్లో అందరూ ఎక్కడున్నారు?

వైనతేయ_ఒడ్డు | అక్టోబర్ 27

ఇన్నాళ్లూ పక్క స్థలంలో రేకుల షెడ్డులో ఉంటున్నారు తమ్ముడూ. అక్కడ ఉండే ప్రశ్నే లేదు. కొత్త ఇంట్లోకి వెళ్లమంటే అమ్మ "పాలు పొంగించకుండా ఎలా పడుకుంటాం" అంటోంది. నాన్న 1996 నవంబర్ తుపానులో పెంకులు ఆకుల్లా లేచిపోవడం చూసిన మనిషి, ఆయన మాట్లాడకుండా మంచాలు మోస్తున్నారు. కిటికీలకి అద్దాలు లేవు. ఏం చేయమంటారు?

సైట్_ఇంజినీర్_రాజమండ్రి | అక్టోబర్ 27

సెంట్రింగు ప్లైవుడ్ ఏమైనా మిగిలిందా? కిటికీ కమ్ములకి బయటి వైపు నుంచి కట్టు తీగతో బిగించండి. ముందు తూర్పు, ఉత్తరం వైపువి. మేడ మీద వదులుగా ఉన్న ఇటుకలు, రేకులు, బకెట్లు అన్నీ దించండి. స్లాబు మీద నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు లేకుండా చూడండి. కరెంటు మెయిన్ ఆపేయండి. తుపాను మధ్యలో గాలి ఆగినట్టనిపిస్తే బయటికి రావద్దు, రెండో పక్క నుంచి మళ్లీ కొడుతుంది.

వైనతేయ_ఒడ్డు | అక్టోబర్ 30

అందరూ క్షేమం. మంగళవారం రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, మాకు వశిష్ఠ గోదావరి దాటితే అదే. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఫోన్ కలవలేదు. తెల్లారేదాకా నేను నిద్రపోలేదు. నిన్న మధ్యాహ్నం మూడింటికి తమ్ముడి మెసేజ్ వచ్చింది.

ఇంట్లో ఆ రాత్రి పద్నాలుగు మంది ఉన్నారట. మా వాళ్లు ఆరుగురు, పక్కన తాటాకిళ్లవాళ్లు ఎనిమిది మంది. అందులో నడవలేని ఒక మామ్మగారు. వానలో ఆవిణ్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వాలు బాట మీదుగా ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. అమ్మ దేవుడి గది గడప మీద పసుపు రాసి, దీపం పెట్టి, "పాలు తర్వాత పొంగిస్తాను, ముందు వీళ్లందర్నీ కాపాడు" అని దణ్ణం పెట్టుకుందట. వెనక పడమటి కిటికీ ప్లైవుడ్ ఊడిపోయి ఒక గదిలో నీళ్లు వచ్చాయి. కొబ్బరి చెట్లు మూడు పడ్డాయి, ఒకటి కాంపౌండు గోడ మీద. ఇల్లు కదల్లేదు.

లంకవాసి | అక్టోబర్ 30

చల్లటి కబురు చెప్పావమ్మా. నీ కోసం నిన్నంతా ఈ పేజీ చూస్తూనే ఉన్నాను.

వైనతేయ_ఒడ్డు | నవంబర్ 9

ఇంటి నుంచి రాస్తున్నాను. శుక్రవారం తెల్లవారుజామున గృహప్రవేశం అయింది. ఫిల్లింగుతో సహా మొత్తం 26 లక్షలు అయింది, ఎవరికైనా లెక్క కావాలంటే ఖర్చుల పుస్తకం ఫోటోలు పెడతాను. అన్నీ అమ్మ చేతిరాతే.

ఫోటోల్లో ప్రతి గోడా చూసిన ఇల్లే, కానీ గచ్చు చల్లదనం ఫోటోలో తెలియలేదు. నిన్న సాయంత్రం నాన్న, నేను, లెవెల్ పైపు పట్టుకుని రామాలయం అరుగు దగ్గరికి వెళ్లాం. మేకు అలాగే ఉంది. ఆ మట్టం తెచ్చి కొత్త ఇంటి మెట్ల పక్క గోడకి పెడితే ఆరో మెట్టు దగ్గరికి వచ్చింది, గచ్చుకి సరిగ్గా అరడుగు కింద. నాన్న బొగ్గుతో గీశారు. పక్కన 1986 అని రాశారు. రంగులు వేసేవాళ్లకి ఆ జానెడు మేర వదిలేయమని చెప్పారు.

ఖమ్మం_కొత్తఇల్లు | నవంబర్ 9

అక్కా, కళ్లు చెమర్చాయి. మేమూ మున్నేరు మట్టం గుర్తు పెట్టుకున్నాం, పాత గేటు పిల్లరు మీద. దాన్ని పడగొట్టేలోపు మార్చుకోవాలి. లెవెల్ పైపు ఎంత పొడవుది వాడారు?

వైనతేయ_ఒడ్డు | నవంబర్ 10

యాభై అడుగులది తమ్ముడూ, మూడు విడతలుగా జరుపుకుంటూ వెళ్లాం. పైపులో ఒక్క గాలి బుడగ కూడా లేకుండా చూసుకోండి, ఉంటే మట్టం తేడా వస్తుంది. పగలు ఎండలో కాకుండా పొద్దున్నే చేయండి. ఒకసారి వెళ్లిన దారినే వెనక్కి వచ్చి మొదటి గుర్తుకి కలుస్తుందో లేదో చూసుకోండి. మాకు మొదటిసారి అరంగుళం తేడా వచ్చింది, మళ్లీ చేశాం.